న్యూట్రాను ఛాయాచిత్రము మసక వీడిన విధము

సాయంకాలపు టెండలో పొలము గట్టున నిలిచిన తాటిచెట్టు నీడను పరిశీలించినచో ఒక విశేషము కనబడును. మొదలు దగ్గర మాను నీడ గీత గీసినట్లు స్పష్టముగా ఉండును. నీడవెంట కొనవైపు నడచిన కొలదియు దాని అంచు మసకబారును. తలమీది ఆకుల నీడ చేరుసరికి ఏ ఆకు ఏదియో తెలియదు. బూడిదరంగు మచ్చ ఒకటి మాత్రమే మిగులును. చెట్టు ఒక్కటే, సూర్యుడు ఒక్కడే. మరి ఒకే నీడలో ఈ భేదము ఏల కలుగుచున్నది?

సూర్యుడు చుక్క కాకపోవుటయే దీనికి కారణము. ఆకాశములో అతడు ఒక బిళ్లవలె కనబడును. భూమినుండి సూర్యుని దూరమును సూర్యుని వ్యాసముతో భాగించినచో సుమారు 107 వచ్చును. అనగా వస్తువునకును, దాని నీడకును మధ్య 107 సెంటీమీటర్ల దూరము ఉన్నపుడు నీడ అంచు 1 సెంటీమీటరు మేర మసకబారును. తాటి ఆకునుండి నేలవరకు కిరణము 20 మీటర్లు ప్రయాణించినచో, కిరణమునకు అడ్డముగా కొలిచిన మసక సుమారు 19 సెంటీమీటర్లు అగును. అంత మసకలో సన్నని ఆకుచీలికలు కనబడుట అసాధ్యము.

న్యూట్రానులతో వస్తువుల లోపలి భాగములను చిత్రించు విద్యలో తొలినుండి శాస్త్రజ్ఞులను వేధించినది ఈ నీడ సమస్యయే. అయితే అక్కడ మసకకు మూలము ఒక్కటి కాదు, మూడు. న్యూట్రానులు వెలువడు ద్వారము మొదటిది. వాటిని పట్టుకొను తెర రెండవది. చిత్రింపబడు వస్తువు తానే మూడవది. ఒక్కొక్క దానిని శాస్త్రజ్ఞులు ఎట్లు అదుపులోనికి తెచ్చిరో, అందుకు ఏ మూల్యము చెల్లించిరో తెలుపునదే ఈ చరిత్ర.

ఎక్స్-కిరణములకు అందనిది

1895లో రాంట్జన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. ఇవి పరమాణువులలోని ఎలక్ట్రానులచేత అడ్డగింపబడును. కావున ఎలక్ట్రానులు ఎక్కువగా గల భారమూలకములు వాటిని ఎక్కువగా ఆపును. చేతిని చిత్రించినపుడు ఎముకల నీడ స్పష్టముగాను, కండ నీడ పలుచగాను పడుటకు కారణము ఇదియే. కాని సీసపు గొట్టములో నీరున్నదో లేదో ఎక్స్-కిరణములతో తెలిసికొనుట మిక్కిలి కష్టము. సీసమే వాటిని మ్రింగివేయును.

1932లో కేంబ్రిడ్జిలోని కేవెండిష్ ప్రయోగశాలలో జేమ్స్ చాడ్విక్ న్యూట్రానును కనుగొనెను. దీనికి విద్యుదావేశము లేదు. ఎలక్ట్రానుల గుంపును అది దాదాపు లక్ష్యపెట్టక దాటిపోయి, పరమాణు కేంద్రకముతోనే తలపడును. కేంద్రకముల ప్రవర్తన మూలకపు బరువుననుసరించి ఉండదు. నెమ్మదిగా కదలు న్యూట్రానులలో మూడింట రెండు వంతులు 1 సెంటీమీటరు మందముగల సీసమును దాటిపోవును. అదే మందముగల నీటిని నూటికి అయిదైనను దాటవు. నీటిలోని హైడ్రొజను కేంద్రకములు వాటిని పట్టి ప్రక్కలకు విసరివేయును.

అనగా న్యూట్రానులకు సీసము గాజువంటిది, నీరు గోడవంటిది. లోహపు కవచములో దాగిన నూనె, రబ్బరు, ప్లాస్టిక్, ప్రేలుడు మందు, వీటన్నిటియందును హైడ్రొజను కలదు గనుక అవి న్యూట్రాను చిత్రములో నల్లని నీడలుగా బయటపడవలెను. ఈ ఆశయే క్రొత్త విద్యకు పునాది అయ్యెను.

బెర్లినులో తొలి చిత్రములు

హార్ట్‌మట్ కాల్‌మన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు బెర్లినులోని కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో పని చేయుచుండెను. యూదు వంశీయుడగుటచే 1933లో నాజీ ప్రభుత్వము చేసిన శాసనమువలన ఆ ఉద్యోగమును కోల్పోయెను. తరువాత ఐ.జి. ఫార్బెన్ అను రసాయన పరిశ్రమ సంస్థ ఆదరణతో పరిశోధన సాగించెను. 1935 ప్రాంతమున ఎర్నెస్ట్ కూన్ తోడ్పాటుతో న్యూట్రానులతో చిత్రములు తీయుటకు పూనుకొనెను.

వారికి ఎదురైన మొదటి చిక్కు ఇది: న్యూట్రాను ఫొటో ఫిల్ముపై దాదాపు ఏ ముద్రయు వేయదు. ఆవేశము లేని కణము ఫిల్ములోని వెండి లవణమును కదిలింపజాలదు. అందుచే ఫిల్ము ప్రక్కన మరియొక పదార్థపు పొరను ఉంచిరి. ఆ పొర న్యూట్రానును శోషించి ఆవేశముగల కణములనో, కాంతినో వెలువరించును. ఫిల్ముపై ముద్ర వేయునవి అవియే. దీనినే పరివర్తక ఫలకము అందురు. నేటికిని న్యూట్రాను చిత్రమన్నది ఇట్లు రెండవచేతి సాక్ష్యముతో తయారగు చిత్రమే.

రెండవ చిక్కు న్యూట్రానుల కొరత. వారి యంత్రము చిన్నది. ఒక్కొక్క చిత్రమునకు గంటలకొలది కాలము పట్టెను. వచ్చు న్యూట్రానులే స్వల్పమైనపుడు వాటిని సన్నని ద్వారముగుండా పంపుట కుదరదు. వెడల్పైన ద్వారమువలన నీడలు మసకబారెను. బెర్లినులోనే ఆటో పీటర్ అను మరియొక శాస్త్రజ్ఞుడు అంతకంటె శక్తిమంతమైన యంత్రముతో కొద్ది నిమిషములలోనే చిత్రములు తీయగలిగెను. యుద్ధమువలన ఈ పనులు నిలిచిపోయెను. వాటి వివరములు లోకమునకు తెలిసినది యుద్ధానంతరమే. పీటర్ వ్యాసము 1946లో వెలువడెను.

ద్వారము సన్నబడినపుడు

న్యూట్రానుల కొరత తీర్చినది అణు రియాక్టరు. ఇంగ్లండులోని హార్‌వెల్‌లో బెపో అను గ్రాఫైటు రియాక్టరు ఉండెను. దాని గోడనుండి వెలువడు న్యూట్రాను పుంజముతో థ్యూలిస్, డర్బీషైర్ అను వారు చిత్రములు తీసిరి. 1956లో థ్యూలిస్ ప్రకటించిన ఫలితములు బెర్లిను చిత్రములకంటె ఎంతో స్పష్టముగా ఉండెను. ఫిల్ము మారినందువలన మాత్రమే ఈ మేలు కలుగలేదు. పుంజము బలముగా ఉండుటచే దానిని సన్నని దారిలో నడిపించు స్వేచ్ఛ లభించెను.

ఇచ్చట తాటిచెట్టు లెక్క మరల అవసరమగును. న్యూట్రానులు వెలువడు రంధ్రపు వ్యాసమొకటి, ఆ రంధ్రమునుండి తెరవరకు గల దూరమొకటి. దూరమును వ్యాసముతో భాగించిన సంఖ్య ఎంత పెద్దదైన నీడ అంత స్పష్టము. దీనిని దూర-వ్యాస నిష్పత్తి అనవచ్చును. ఈ రంగమున పనిచేయువారు ‘ఎల్ బై డి’ అందురు. ఈ నిష్పత్తి 100 అయినపుడు, తెరకు 10 మిల్లీమీటర్ల ఎడముగా నున్న వస్తుభాగపు నీడ 0.1 మిల్లీమీటరు మసకబారును. సూర్యునికి ఈ సంఖ్య 107 గనుక, 100 నిష్పత్తిగల న్యూట్రాను పుంజము ఇంచుమించు ఎండవంటి నీడనే వేయును.

అట్లయిన నిష్పత్తిని ఇంకను పెంచరాదా? పెంచవచ్చును గాని దానికి మూల్యము కలదు. రంధ్రమువద్ద నున్న న్యూట్రానుల ప్రవాహమును, నిష్పత్తి వర్గమునకు 16 రెట్లతో భాగించినచో తెరను చేరు ప్రవాహము వచ్చును. నిష్పత్తి 100 అయిన 1,60,000తో భాగింపవలెను. 200 అయిన 6,40,000తో భాగింపవలెను. అనగా స్పష్టత రెండింతలైన న్యూట్రానులు నాలుగవ వంతుకు తగ్గును. చిత్రమునకు పట్టు కాలము నాలుగింతలగును. ఈ రంగములో స్పష్టత ఎన్నడును ఉచితముగా రాలేదు.

తొలి రియాక్టరు పుంజములను నడుపుటకు పొడవైన గొట్టములను, సమాంతరపు రేకుల దొంతరలను వాడిరి. రేకుల దొంతర తన గీతలనే చిత్రముపై ముద్రించెడిది. 1960ల దశకములో జాన్ బార్టన్ మొదలగువారు క్రమముగా విచ్చుకొను గరాటు ఆకారపు దారిని ప్రచారములోనికి తెచ్చిరి. సన్నని ముఖము రియాక్టరు వైపును, వెడల్పు ముఖము వస్తువు వైపును ఉండును. గోడలకు న్యూట్రానులను మ్రింగు పదార్థము పూయుటచే గోడలను తాకి వచ్చు దారితప్పిన న్యూట్రానులు తెరను చేరవు. పెద్ద వస్తువు మొత్తమును గీతలు లేకుండ ఒకే చిత్రములో చూపుటకు ఈ మార్పు దోహదము చేసెను.

తెరలోనే ఉన్న మసక

ద్వారము చక్కబడిన పిదప తెర లోపము బయటపడెను. పరివర్తక ఫలకములో పుట్టిన కణము ఫిల్మును చేరుటకు ముందు కొంత దూరము ప్రక్కకు పోవచ్చును. అది ఎంత దూరము పోగలదో చిత్రము అంత మసకబారును. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో హరాల్డ్ బెర్గర్ 1960ల తొలి సంవత్సరములలో పలువిధములైన రేకులను, ఫిల్ములను జతపరచి, వేగమును స్పష్టతను పోల్చి చూచెను. 1965లో వెలువడిన ఆయన గ్రంథము ఈ విద్యకు చాలకాలము ఆధారమై నిలిచెను.

ఈ పరీక్షలలో గెడోలినియము అను మూలకమునకు గౌరవస్థానము లభించెను. నెమ్మది న్యూట్రానులను పట్టుటలో స్థిర ఐసొటోపులలో గెడోలినియము-157కు సాటి లేదు. కనుక సుమారు 25 మైక్రోమీటర్ల పలుచని రేకే చాలును. న్యూట్రానును పట్టిన పిదప అది వెలువరించు ఎలక్ట్రానులు శక్తి తక్కువవి. ఎంతో దూరము పోజాలవు. కావున చిత్రము సూక్ష్మముగా ఉండును. అయితే ఈ పద్ధతి నిదానమైనది. దీనికి మారుగా లిథియము సమ్మేళనమును, మెరుపునిచ్చు జింకు సల్ఫైడును కలిపిన తెరను వాడినచో చిత్రము ఎన్నో రెట్లు త్వరగా వచ్చును. కాని తెర మందము హెచ్చుటచే మసకయు హెచ్చును. ద్వారమువద్ద చెల్లించిన మూల్యమునే తెరవద్దను చెల్లింపవలసి వచ్చెను.

రియాక్టరులో వాడిన ఇంధన కడ్డీలను చిత్రించుటలో మరియొక బాధ కలదు. అవి తామే గామా కిరణములను వెదజల్లుచు ఫిల్మును నల్లబరచును. దీనికి విరుగుడు మిక్కిలి యుక్తియుక్తమైనది. కడ్డీ వెనుక ఫిల్మును ఉంచక, డిస్ప్రోసియము లేక ఇండియము రేకును మాత్రమే ఉంచుదురు. గామా కిరణములు దానిపై ముద్ర వేయవు. న్యూట్రానులు మాత్రము రేకును చోటుచోటున రేడియోధార్మికముగా మార్చును. పిదప రేకును వేరొక గదికి కొనిపోయి ఫిల్ముకు అంటించి ఉంచినచో చిత్రము దానంతట అదియే ముద్రపడును. డిస్ప్రోసియము అర్ధాయువు సుమారు 2 గంటల 20 నిమిషములు. మూడు అర్ధాయువుల కాలము, అనగా ఇంచుమించు 7 గంటలు, ఉంచినచో ముద్రలో ఎనిమిదింట ఏడు వంతులు ఫిల్ముకు చేరును.

చిత్రమునకే పరీక్ష

రాకెట్ల భాగములను విడదీయుటకు చిన్న ప్రేలుడు సాధనములను వాడుదురు. లోహపు తొడుగులో మందు నిండుగా ఉన్నదా, నడుమ ఎచటనైన ఖాళీ ఉన్నదా అని ముందుగా తెలియవలెను. పేల్చి చూచిన సాధనము తిరిగి పనికిరాదు. కావున దానిని చెడగొట్టకుండ లోపల చూచు మార్గములలో న్యూట్రాను చిత్రము ముఖ్యమైనది. అయితే చిత్రములో ఖాళీ కనబడలేదన్నచో ఖాళీ నిజముగా లేదని అర్థమా, లేక చిత్రమే మసకగా ఉన్నదని అర్థమా? ఈ ప్రశ్నపై యాత్ర యొక్క విజయమే ఆధారపడియుండును.

అందుచే చిత్రము మంచిదని కంటితో చూచి చెప్పుట చాలలేదు. కొలిచి చెప్పవలసి వచ్చెను. అమెరికాలోని ఎ.ఎస్.టి.ఎమ్. అను ప్రమాణముల సంఘము ఇందుకై రెండు చిన్న పరీక్షా పరికరములను నిర్ణయించెను. మొదటిది టెఫ్లాను దిమ్మ. దానిలో బోరాన్ నైట్రైడు బిళ్లలు, సీసపు బిళ్లలు, కాడ్మియము తీగలు ఉండును. బోరాన్ బిళ్ల నెమ్మది న్యూట్రానులను పూర్తిగా ఆపును. అయినను దాని వెనుక ఫిల్ము నల్లబడినచో, ఆ నలుపు గామా కిరణములవలననో, ప్రక్కలనుండి చెదరి వచ్చిన న్యూట్రానులవలననో కలిగినదని తెలియును. కాడ్మియము తీగలలో ఒకటి ఫిల్ముకు దగ్గరగాను, మరియొకటి దూరముగాను ఉండును. రెండింటి నీడలను పోల్చినచో పుంజపు గుణము తెలియును. రెండవ పరికరములో ప్లాస్టిక్ పొరలమధ్య సన్నని రంధ్రములు, సందులు ఉండును. వాటిలో ఎన్ని కనబడినవో లెక్కించుటయే పరీక్ష. వస్తువుతోపాటు ఈ పరికరములను కూడ చిత్రించుటచే ప్రతి చిత్రమును తన యోగ్యతాపత్రమును తానే మోసికొని వచ్చును.

మన దేశములో

థ్యూలిస్ ఫలితములు వెలువడిన 1956లోనే, ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించెను. మన దేశములో న్యూట్రాను చిత్రణ అచ్చట సాగినది. పాత అప్సర స్థానములో నిర్మింపబడిన అప్సర-యు 2018 సెప్టెంబరు 10న ప్రారంభమయ్యెను.

తమిళనాడులోని కల్పాక్కంలో కామిని అను చిన్న రియాక్టరు 1996 అక్టోబరు 29న పనిచేయ నారంభించెను. దాని శక్తి 30 కిలోవాట్లు మాత్రమే. థోరియమునుండి తయారుచేసిన యురేనియము-233 దాని ఇంధనము. వాడిన ఇంధనమును పరీక్షించు గదుల దిగువనే దీనిని నిర్మించుటచే కడ్డీలను బయటికి తీయనక్కరలేకయే చిత్రింపవచ్చును. ఇందుకు పైన చెప్పిన రేకు పద్ధతియే ఆధారము. శ్రీహరికోటనుండి ఎగురు రాకెట్లలో వాడు ప్రేలుడు సాధనములను గూడ అంతరిక్ష సంస్థ కొరకు కామిని పుంజములో చిత్రించిరి. సముద్రతీరమున జనులు తలయెత్తి చూచు ప్రయోగమునకు ముందు, ఆ చిన్న సాధనముల నీడలను నిపుణులు తలవంచి పరిశీలించుట జరుగుచుండెను.

ఫిల్ము నుండి కెమెరాకు

1990ల దశకములో ఎలక్ట్రానిక్ కెమెరాలు ఫిల్ము స్థానమును ఆక్రమింప నారంభించెను. న్యూట్రానులు తెరపై మెరుపును పుట్టించును. వాలుగా నిలిపిన అద్దము ఆ వెలుగును ప్రక్కకు మళ్లించును. పుంజమునకు ఎడముగా నున్న కెమెరా దానిని గ్రహించును. స్విట్జర్లండులోని పాల్ షెరర్ సంస్థ ఈ మార్పునకు ఒక ముఖ్యకేంద్రమయ్యెను.

కెమెరాతో చిత్రము సంఖ్యల పట్టికగా మారెను. సంఖ్యలను సరిదిద్దవచ్చును. పుంజము లేనపుడు ఒకటి, వస్తువు లేనపుడు ఒకటి, వస్తువు ఉన్నపుడు ఒకటి, ఇట్లు మూడు చిత్రములు తీసి, మొదటిదానిని మిగిలిన రెండింటినుండి తీసివేసి, ఆపై భాగించినచో పుంజములోని హెచ్చుతగ్గులును, తెరపై మచ్చలును తొలగిపోవును. కాని ఒక లోపమును ఏ గణితమును పూర్తిగా తొలగింపజాలదు. న్యూట్రానులు వానచినుకులవలె లెక్కకు అందక వచ్చును. ఒక చోట 100 పడవలసియుండగా సుమారు 10 అటునిటు మారును. ఇది నూటికి 10 వంతుల దోషము. 10,000 పడినపుడు దోషము నూటికి 1 వంతు మాత్రమే. చిత్రములోని చుక్కను సగము పొడవు, సగము వెడల్పు చేసినచో దానిపై పడు న్యూట్రానులు నాలుగవ వంతగును. నునుపు చెడకుండ ఉండవలెనన్న కాలము నాలుగింతలు చేయవలెను. పాత మూల్యమే క్రొత్త నాణెములో చెల్లింపవలసి వచ్చెను.

ఈ మూల్యమును తగ్గించుటకు తెరలోని గెడోలినియమునే మార్చిరి. సహజ గెడోలినియములో 157వ ఐసొటోపు వాటా సుమారు 16 శాతము. ఆ ఐసొటోపును ప్రత్యేకించి హెచ్చించిన పలుచని తెరలను 2015 ప్రాంతమున పావెల్ ట్రటిక్, ఎబర్‌హార్డ్ లేమన్ అనువారు పాల్ షెరర్ సంస్థలో పరీక్షించిరి. పలుచని తెరయే ఎక్కువ న్యూట్రానులను పట్టుటచే, అచ్చట నిర్మించిన ‘న్యూట్రాను సూక్ష్మదర్శిని’ 5 మైక్రోమీటర్లకంటె సూక్ష్మమైన వివరములను చూపగలిగెను. తలవెంట్రుక మందము దీనికి పది రెట్లకు పైబడియే ఉండును.

వస్తువే కల్పించు భ్రమ

ఇక మూడవ మూలము మిగిలినది. నీరు న్యూట్రానులను మ్రింగుటకంటె చెదరగొట్టుటయే ఎక్కువ. చెదరినవాటిలో కొన్ని తెరపైననే, నీటి నీడలోనే పడును. అప్పుడు నీడ పలుచబడి, నీరు ఉన్నదానికంటె తక్కువగా ఉన్నట్లు తోచును. చిత్రము చూచుటకు అందముగానే ఉండును. కాని అది చెప్పునది అబద్ధము. ఇంధన ఘటములలో నీరెంత చేరినదో కొలుచు ఇంజనీరునకు ఇట్టి చిత్రము మసక చిత్రముకంటె ప్రమాదకరమైనది. మసక తన లోపమును తానే చాటుకొనును; ఈ దోషము దాగియుండును.

వస్తువును తెరకు దూరముగా జరిపినచో చెదరిన న్యూట్రానులు పలుచబడును. కాని అప్పుడు తాటిచెట్టు నీడ సమస్య మరల తలయెత్తును. 2018లో పాల్ షెరర్ సంస్థలోని పియర్ బొయియా బృందము దీనికి వేరొక ఉపాయమును వివరముగా ప్రకటించెను. న్యూట్రానులను పూర్తిగా మ్రింగు చిన్న ముక్కలను వరుసలుగా పేర్చి వస్తువునకు ముందు ఉంచుదురు. ఒక్కొక్క ముక్క వెనుక తిన్నగా వచ్చు న్యూట్రాను ఉండదు. అయినను అచ్చట ఏమి కనబడినదో అదంతయు చెదరి వచ్చినదే. ఆ చుక్కలవద్ద కొలిచి, నడుమనున్న చోట్లకు లెక్కకట్టి, మొత్తము చిత్రమునుండి తీసివేయుదురు.

ఇది టెఫ్లాను దిమ్మలోని బోరాన్ బిళ్ల నేర్పిన పాఠమే. నాడు ఆ బిళ్ల చిత్రము యోగ్యమా కాదా అని మాత్రమే చెప్పెను. నేడు అదే తలంపు చిత్రములోని దోషమెంతయో కొలిచి దిద్దుచున్నది. చీకటి ఉండవలసిన చోట వెలుగు ఎంత ఉన్నదో అడుగుటయే రెండింటికిని మూలసూత్రము.

ఈ చరిత్రలోని మొదటి అడుగును తరగతిలోనే పరీక్షింపవచ్చును. అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి ఎండలో నిలిపి, దానికి 107 సెంటీమీటర్ల దూరమున తెల్లకాగితము పట్టినచో సుమారు 1 సెంటీమీటరు వ్యాసముగల సూర్యబింబము దానిపై పడును. ఎండ యొక్క దూర-వ్యాస నిష్పత్తి ఆ కాగితముపైననే కనబడును. పిదప పెన్సిలు నొకదానిని కాగితమునకు ఆనించియు, దూరముగా జరిపియు దాని నీడ అంచును స్కేలుతో కొలిచినచో, హార్‌వెల్‌లోను కల్పాక్కంలోను శాస్త్రజ్ఞులు ఎదుర్కొన్న లెక్క విద్యార్థి చేతికే అందును.